అప్‌డేట్: ఫ్లానెల్ ముక్కల బొంత పూర్తయింది

మిగిలిపోయిన ఫ్లానెల్ (నూగుండే మెత్తటి గుడ్డ) ముక్కలతో పసిపిల్లల కోసం బొంత కుట్టి దానంగా ఇద్దామనుకుంటున్నాను, ముక్కల్ని ముందే ఉతకాలా, మధ్యలో దూది పొర పెట్టాలా అని అడిగాను కదా. ఉతకమన్నవాళ్ల మాటే విన్నాను, మంచిపనైంది. 6 అంగుళాల ముక్కలు కొన్ని ఆరాక ఒకవైపు ముడుచుకుపోయాయి. అన్నిటినీ 5 అంగుళాలకి సరిచేసుకున్నాను.

అసలు తంటా కుట్లతో. అంచున పావు అంగుళమే వదిలితే పీచులు లేచి ఊడొచ్చేస్తోంది. రెండు వరసలు విప్పి, అర అంగుళం వదిలి మళ్లీ కుట్టాను. విప్పేటప్పుడు ఏడుపొక్కటే తక్కువ! గుడ్డ సాగుతోందని గుండుసూదులు దగ్గరదగ్గరగా గుచ్చాను. మధ్యలో దారం తెగుతుంటే మెషిన్ పాడైందేమోనని టెన్షన్. బాబిన్ కేస్ (కింది దారం చుట్ట ఉండే డబ్బీ) తీసి చూస్తే లోపల బూడిదరంగు నూగు, ఉండకట్టి కూర్చుంది. బ్రష్‌తో దులిపితే దారికొచ్చింది.

దూది పెట్టలేదు. వెనక కూడా ఫ్లానెలే వేశాను, రెండు పొరలకే బాగా బరువొచ్చింది. ఇంకోసారి ఉతికి, వేలాడే దారాలు కత్తిరించి నిన్న ఇచ్చేశాను. ఒక మూల ఏనుగు బొమ్మ తలకిందులుగా పడింది. చూశాను కానీ, మళ్లీ విప్పే ఓపిక లేక వదిలేశాను.