అప్‌డేట్: లండన్–న్యూయార్క్ విమాన సమయం లెక్క తేలింది

దూరం సుమారు 5,540 కి.మీ., వేగం గంటకు 900 అనుకుంటే ఆరుంపావు గంటలు చాలు కదా, టికెట్‌లో వెళ్లేటప్పుడు 8, వచ్చేటప్పుడు 7 గంటలు ఎందుకుంది అని అడిగాను. ప్రయాణం అయిపోయింది. జవాబిచ్చినవాళ్లందరికీ థాంక్స్.

జెట్ స్ట్రీమ్ అన్నవాళ్లదే కరెక్ట్. విమానాలు ఎగిరే ఎత్తులో ఉండే ఆ జోరుగాలి పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. న్యూయార్క్ పడమర వైపు కాబట్టి వెళ్లేటప్పుడు ఎదురుగాలి, సీటు ముందు స్క్రీన్‌లో వేగం 780 దగ్గరే కదిలింది. తిరుగు ప్రయాణంలో అదే 1,080! అరగంట ముందే దిగాం.

ఇంకో సంగతి, టికెట్‌లో వేసేది గాల్లో ఉండే సమయం ఒక్కటే కాదట. గేటు వదిలినప్పటి నుంచి మళ్లీ గేటు చేరేదాకా లెక్క. మా విమానం రన్‌వే కోసం క్యూలోనే పాతిక నిమిషాలు నిలబడింది.

భూమి తిరగడం వల్ల తేడా అన్నది మాత్రం కాదు, గాలి కూడా భూమితోపాటే తిరుగుతుంది. 5 గంటల టైమ్ జోన్ తేడాకీ దీనికీ సంబంధం లేదు. నేనే అనవసరంగా రెండూ కలిపి బుర్ర పాడుచేసుకున్నాను.