ఇంగ్లిష్ కామన్ లా: ఒకే మాటకి ఇన్ని అర్థాలేంటి? కోర్టుల్లో ఏది పైన ఏది కింద?

మూడోవారం_స్టూడెంట్:
అందరికీ నమస్తే. ఇంగ్లిష్ లా కోర్స్ ఒకటి మొదలుపెట్టా, మూడో వారానికే బుర్ర వేడెక్కిపోయింది. ఒక పేజీలో కామన్ లా అంటే జడ్జిల తీర్పుల్లోంచి పుట్టిన చట్టం అని ఉంది, రెండు పేజీలు తిప్పితే కామన్ లా వేరు ఈక్విటీ వేరు అని ఉంది (మరి ఈక్విటీ కూడా జడ్జిలు చేసిందే కదా??), ఇంకోచోట ఫ్రాన్స్‌ది సివిల్ లా, ఇంగ్లండ్‌ది కామన్ లా అన్నారు, సరేలే అనుకునేలోపే ఇంగ్లండ్ సివిల్ కోర్టులు అని ఒక చాప్టర్.

కోర్టులు ఇంకో గోల. హైకోర్టు పైనా, క్రౌన్ కోర్టు పైనా? పాత కేసులు హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో తేలాయంటారు, అది పార్లమెంటు కదా? రేషియో (తీర్పుకి ఆధారమైన చట్టపు కారణం), ఆబిటర్ (జడ్జి పక్కన అదనంగా అన్న మాట) డెఫినిషన్లు బట్టీ పట్టా గానీ తీర్పు చేతికిస్తే ఏది ఏదో చూపించలేను. ఎవరైనా కాస్త ఓపిగ్గా చెప్తారా, పుస్తకం భాషలో మాత్రం వద్దు ప్లీజ్.

సాలిసిటర్_ట్రైనీ:
మీ తప్పేం లేదండి, ఆ మాటే అంత. కామన్ లా అని కనిపించినప్పుడల్లా దేనికి ఎదురుగా వాడారో చూసుకోండి, సగం గందరగోళం పోతుంది. పార్లమెంటు చేసిన యాక్ట్‌కి ఎదురుగా పెడితే జడ్జిలు కేసు మీద కేసుగా కట్టిన చట్టం అని. యూరప్ దేశాల కోడ్‌లకి (చట్టమంతా ఒకచోట రాసిపెట్టిన పుస్తకాలకి) ఎదురుగా పెడితే ఇంగ్లండ్ పద్ధతి మొత్తం అని, అందులో యాక్టులు కూడా వచ్చేస్తాయి. అలాగే సివిల్ అనే మాటని క్రిమినల్ పక్కన పెడితే డబ్బు, ఆస్తి, కాంట్రాక్టు తగాదాలు, కామన్ లా పక్కన పెడితే రోమన్ చట్టం నుంచి వచ్చిన యూరప్ పద్ధతి.

ఈక్విటీకి ఎదురుగా వాడినప్పుడు కొంచెం చరిత్ర కావాలి. 12వ శతాబ్దం దాకా ఏ ప్రాంతం ఆచారం ఆ ప్రాంతానిదే. రెండో హెన్రీ రాజు తన జడ్జిలని దేశమంతా తిప్పాడు, అలా తిరగ్గా తిరగ్గా రాజ్యం మొత్తానికి ఉమ్మడిగా ఒక చట్టం తయారైంది, కామన్ అంటే ఆ ఉమ్మడే. కానీ పోనుపోను ఆ కోర్టులు బిగుసుకుపోయాయి. మీ గొడవకి సరిపడే రిట్ (కేసు మొదలుపెట్టే రాజుగారి ఆర్డర్) లేకపోతే కేసే లేదు, గెలిచినా చాలాసార్లు చేతికొచ్చేది డబ్బే. పక్కవాడు మీ స్థలంలోకి జరిగి గోడ లేపుతుంటే మీకు కావాల్సింది డబ్బు కాదు కదా, ఆపరా బాబూ అని ఆర్డర్ కావాలి. అలాంటోళ్లంతా రాజు దగ్గరికి అర్జీలు పట్టుకుని పోతే ఆయన లార్డ్ చాన్సలర్ (తన పెద్ద మంత్రి) మీదకి తోసేశాడు, అదే ముదిరి చాన్సరీ కోర్టు అయింది. అక్కడ న్యాయం చూసి కట్టిన రూల్సే ఈక్విటీ. ఇంజంక్షన్ (ఆపమనే ఆర్డర్), ట్రస్ట్ (ఒకరి ఆస్తిని ఇంకొకరి కోసం చూసుకునే ఏర్పాటు) ఇవన్నీ అక్కడ పుట్టినవే. రెండు కోర్టులూ కొట్టుకుంటే 1616లో మొదటి జేమ్స్ రాజు ఈక్విటీదే పైచేయి అని తేల్చాడు. 1873, 1875 జ్యుడికేచర్ యాక్టులతో కోర్టులు కలిసిపోయాయి, ఇప్పుడు ఏ జడ్జి అయినా రెండూ వాడొచ్చు, కానీ రూల్స్ మాత్రం ఇంకా రెండు పేర్లతోనే నడుస్తున్నాయి. మీ డౌట్ కరెక్టే, ఈక్విటీ కూడా జడ్జిలు చేసిందే.

పాత_కేసుల_పిచ్చి:
కోర్టులు నేను చెప్తా. ఒకటే నిచ్చెన అనుకుంటే అయోమయమే, కింద రెండు నిచ్చెనలు, పైకెళ్లాక కలుస్తాయి.

క్రిమినల్ కేసు ఏదైనా మొదలయ్యేది మేజిస్ట్రేట్స్ కోర్టులోనే, చాలావరకు అక్కడే అయిపోతాయి కూడా. అక్కడ కూర్చునేది ఎక్కువగా లా చదవని మామూలు మనుషులు, జీతం ఉండదు, ఇద్దరో ముగ్గురో కూర్చుంటారు, చట్టం చెప్పడానికి పక్కన లీగల్ అడ్వైజర్ ఉంటాడు. మర్డర్ లాంటివి అక్కడ ఒకసారి మొహం చూపించి క్రౌన్ కోర్టుకి పోతాయి. దొంగతనం లాంటి మధ్యరకంవి రెండు చోట్లా నడవొచ్చు. క్రౌన్ కోర్టులో జడ్జితో పాటు 12 మంది జ్యూరీ, నేరం చేశాడా లేదా తేల్చేది జ్యూరీ, శిక్ష వేసేది జడ్జి. ఓల్డ్ బెయిలీ అంటారే, అదీ ఒక క్రౌన్ కోర్టే.

సివిల్ వైపు కింద కౌంటీ కోర్టు (మామూలుగా 10,000 పౌండ్ల లోపు అయితే స్మాల్ క్లెయిమ్స్, లాయర్ లేకుండా కూడా లాగించొచ్చు), దానిపైన హైకోర్టు. హైకోర్టులో కింగ్స్ బెంచ్, చాన్సరీ, ఫ్యామిలీ అని మూడు డివిజన్లు. ఆపైన కోర్ట్ ఆఫ్ అప్పీల్, అందులో సివిల్ డివిజన్, క్రిమినల్ డివిజన్. అన్నిటికన్నా పైన 12 మంది జస్టిస్‌లతో సుప్రీంకోర్టు. హైకోర్టా క్రౌన్ కోర్టా అన్నారు, జ్యూరీ దోషి అని తేల్చిన కేసులో అప్పీల్ హైకోర్టుకి పోదు, సరాసరి కోర్ట్ ఆఫ్ అప్పీల్‌కే.

హౌస్ ఆఫ్ లార్డ్స్ అంటే పార్లమెంటు పైసభే, కానీ అందులో లా లార్డ్స్ అని కొందరు జడ్జిలు కమిటీగా కూర్చుని చివరి అప్పీళ్లు వినేవాళ్లు. చట్టం చేసే ఇంట్లోనే తీర్పు చెప్పడమేంటని 2005లో యాక్ట్ తెచ్చి, 2009 అక్టోబర్ నుంచి విడిగా సుప్రీంకోర్టు పెట్టారు. ఇంగ్లండే కాదు, స్కాట్లండ్, నార్తర్న్ ఐర్లండ్ కేసులన్నిటికీ అదే ఆఖరు.

గుమాస్తా_గిరి:
పైన ఆఖరి లైన్‌కి చిన్న సవరణ సార్. స్కాట్లండ్ మామూలు క్రిమినల్ కేసులు లండన్ సుప్రీంకోర్టుకి రావు, వాళ్ల హైకోర్ట్ ఆఫ్ జస్టిషియరీతోనే అయిపోతాయి. వాళ్ల సివిల్ కేసులు మాత్రం వస్తాయి. సీసాలో నత్త వచ్చిందన్న 1932 నాటి డొనహ్యూ కేసు అలా స్కాట్లండ్ నుంచి వచ్చిందే, నెగ్లిజెన్స్ (అజాగ్రత్త వల్ల జరిగిన నష్టం) క్లాసులో మొదట చెప్పేది అదే. తమాషా ఏంటంటే ఆ సీసాలో నిజంగా నత్త ఉందా లేదా అన్నది ఏ కోర్టూ తేల్చలేదు, ఉందనుకుంటే తయారీదారు బాధ్యుడా కాదా అన్నదే లార్డ్స్ తేల్చింది, అది కూడా 3-2తో.

పాత_కేసుల_పిచ్చి:
అవును, తొందర్లో రాసేశా, థాంక్స్.

మూడోవారం_స్టూడెంట్:
అబ్బా ఇప్పుడు దారిలో పడింది. రేషియో ఆబిటర్ ఒక్కటీ మిగిలింది.

సాలిసిటర్_ట్రైనీ:
దానికి హై ట్రీస్ కేసు చూడండి, 1947. ఒక కంపెనీ 1937లో ఫ్లాట్ల బిల్డింగ్ మొత్తం లీజుకి తీసుకుంది, ఏడాదికి 2,500 పౌండ్లు. యుద్ధం వచ్చి లండన్ ఖాళీ అవుతుంటే ఫ్లాట్లలో చేరేవాళ్లు లేరు, 1940లో ఓనర్ సగం ఇవ్వండి చాలు అని రాసిచ్చాడు. 1945కి ఫ్లాట్లన్నీ నిండాయి, ఓనర్ వైపు నుంచి పూర్తి అద్దె కావాలని కేసు. ఇక్కడ జాగ్రత్తగా చూడండి, అడిగింది 1945 చివరి రెండు క్వార్టర్లకి మాత్రమే. కేసు విన్నది డెనింగ్, అప్పటికి హైకోర్టు జడ్జి. తగ్గింపు యుద్ధకాలం కోసమే, అది అయిపోయింది, కాబట్టి పూర్తి అద్దె కట్టాల్సిందే అన్నాడు. ఫలితాన్ని మోస్తున్నది ఆ ముక్క, అది రేషియో. అక్కడితో ఆగకుండా, ఒకవేళ మధ్య ఏళ్ల బకాయి కూడా అడిగుంటే మాట ఇచ్చి వెనక్కి తీసుకోవడం కుదరదు, ఇచ్చేవాణ్ని కాదు అన్నాడు. ఎవరూ అడగలేదు కదా, అది ఆబిటర్. ఆ ముక్క తీసేసి చూడండి, ఫలితంలో పెన్నీ కూడా మారదు.

కానీ ఈ కేసు పేరు చెప్తే అందరికీ గుర్తొచ్చేది ఆ ఆబిటరే, ప్రామిసరీ ఎస్టాపెల్ (మాట ఇచ్చి వెనక్కి తీసుకోకూడదనేది) అని ఒక సిద్ధాంతమే దాని మీద లేచింది. ఆబిటర్ కింది కోర్టుని కట్టిపడేయదు గానీ నచ్చితే తర్వాతి జడ్జిలు అందుకోవచ్చు. రేషియో అలా కాదు, పై కోర్టు రేషియో కింది కోర్టు ఇష్టం లేకపోయినా ఫాలో అవ్వాల్సిందే. కోర్ట్ ఆఫ్ అప్పీల్ తన పాత తీర్పులకి తానే కట్టుబడాలి, కొన్ని మినహాయింపులున్నాయి, 1944 బ్రిస్టల్ ఏరోప్లేన్ కేసులో చెప్పారు. లార్డ్స్ కూడా అలాగే ఉండేది, అవసరమైతే మా పాత తీర్పు మేమే పక్కన పెడతాం అని 1966లో ప్రకటించుకుంది.

గుమాస్తా_గిరి:
ఇంకోటి, ఎవరూ చెప్పరు ఇది. కేసు పేరు మధ్యలో వి అక్షరం రాస్తారు గానీ, సివిల్ కేసయితే నోటితో చదివేటప్పుడు "అండ్" అనాలి. క్రిమినల్ కేసులో మొదట ఆర్ అని ఒక్క అక్షరం ఉంటే అది రాజు లేదా రాణి, అప్పుడు మధ్యలోది "అగెనెస్ట్" అని చదువుకోవచ్చు. వర్సెస్ అని మాత్రం అనకండి.

మూడోవారం_స్టూడెంట్:
ఓహ్. మొన్న క్లాసులో గొంతెత్తి మరీ "డొనహ్యూ వర్సెస్ స్టీవెన్సన్" అని చదివా, ట్యూటర్ ఎందుకు నవ్వు ఆపుకున్నాడో ఇప్పుడు తెలిసింది 😅