5,60,52,361 ప్రధాన సంఖ్యేనా? ఫెర్మా పరీక్షను ఎంతవరకు నమ్మాలె?

హన్మకొండ_లెక్కలు: ఫెర్మా పరీక్ష అంటే: n ప్రధాన సంఖ్య అయితే, n భాగించని ఏ సంఖ్యకైనా (దాన్నే ఆధారం అంటరు) n−1 ఘాతం కట్టి nతో భాగిస్తే శేషం 1 రావాలె. ఆ లెక్కన 2కు 5,60,52,360 ఘాతం కట్టి 5,60,52,361తో భాగిస్తే శేషం 1. ఆధారంగ 3, 5, 7, 11 పెట్టినా అదే 1. ఇన్నిసార్లు నెగ్గినంక ప్రధాన సంఖ్య అంటే తప్పేంది? ఇక్కడి కోడింగ్ క్లాసుల్లో చెప్పేది గూడ ఇదే.

కాజీపేట_జంక్షన్: తప్పే తమ్మీ. 211 × 421 × 631 చేసి చూడు, ఇదే సంఖ్య వస్తది. మొదటి 46 ప్రధాన సంఖ్యలు వరుసగ పెట్టినా నీకు 1 తప్ప వేరే శేషం రాదు. 47వది 211, అక్కడగని బయటపడదు. కారణం సూటిగనే ఉన్నది: 210, 420, 630ల క.సా.గు. 1260, అది 5,60,52,360ని నిశ్శేషంగ భాగిస్తది (44,486 సార్లు). అందుకే మూడు కారణాంకాల దగ్గరా శేషం 1 వస్తది. దీనికంటె చిన్న ఆధారాల్ల 99.13 శాతం అబద్ధమే చెప్తయ్. ఇట్ల ఫెర్మా పరీక్షను మోసం చేసే సంయుక్త సంఖ్యలనే కార్మైకేల్ సంఖ్యలంటరు. రామానుజన్ 1729 గూడ ఈ బాపతే. ఇసొంటివి అనంతంగ ఉన్నయని 1994ల నిరూపించిన్రు.

జనగామ_కోడర్: ఫెర్మాను ఒక్క మెట్టు పెంచితే మిల్లర్-రాబిన్. 5,60,52,360 = 8 × 70,06,545. ముందు 2కు 70,06,545 ఘాతం కట్టు: శేషం 1 గాదు, −1 (అంటే 5,60,52,360) గాదు. దాన్ని వర్గం చేస్తే 10,65,129. మళ్ల వర్గం చేస్తే 1. ప్రధాన సంఖ్య అయితే 1కి ముందు −1 రావాలె గదా, రాలే. దొరికిపోయింది! అంతే గాదు, 10,65,130తో గ.సా.భా. తీస్తే 421, 10,65,128తో తీస్తే 1,33,141. కారణాంకాలు ఉట్టిగనే చేతికొచ్చినయ్.

హన్మకొండ_లెక్కలు: ఫెర్మా సంగతి ఒప్పుకుంట. మరి మిల్లర్-రాబిన్ గూడ రుజువు గాదు గదన్నా?

పరకాల_సార్: ఎంత సంఖ్య అన్నదాన్ని బట్టి. 3,21,50,31,751 కంటె చిన్నదైతే 2, 3, 5, 7 నాలుగు చాలు, అది పక్కా రుజువే. అంతకు మించితే, సంయుక్త సంఖ్య ఒక్కో యాదృచ్ఛిక ఆధారం దగ్గర తప్పించుకునే అవకాశం నాలుగింట ఒకటికి మించదు. 20 ఆధారాలు పెడితే లక్ష కోట్లలో 1 కంటె తక్కువ. రహస్య సందేశాలకు తాళంచెవి (ఎన్‌క్రిప్షన్ కీ) తయారుచేసేటోనికి ఇంతకంటె ఏం గావాలె?

కాజీపేట_జంక్షన్: తాళంచెవికి చాలు సార్, సిద్ధాంతానికి చాలదు. 300 అంకెల సంఖ్యకైతే "బహుశా ప్రధానం" అని రాయాలె, లేకుంటె ఎలిప్టిక్ కర్వ్ (ఒక రకం వక్రరేఖల గణితం) పద్ధతిల, అది ప్రధానమేనని రుజువు చేసే ధ్రువపత్రం తియ్యాలె. కాన్పూర్ ఐఐటీ వాళ్ల 2002 పద్ధతి గూడ రుజువే, గని వాడకంల నెమ్మది.

పరకాల_సార్: ఎవరూ తప్పు చూపలేని సంఖ్యకు "బహుశా" తగిలించుడు నాకు చాదస్తమే అనిపిస్తది.

జనగామ_కోడర్: కోడ్ రాసేటోళ్లకు ఒక్కమాట: ఈ సంఖ్యకు వర్గం చేస్తే 16 అంకెల దాకా పోతది. 32 బిట్లల పెడితే పొంగిపోయి తప్పు శేషమొస్తది, అసలు ప్రధాన సంఖ్యను గూడ సంయుక్తం అంటది. 64 బిట్లు పెట్టుర్రి.