చేతులు కాళ్లు బాగున్నాయి, అన్నను అంగట్లో కూర్చోబెట్టొచ్చా?

అనంతపురం తమ్ముడు:
పోయినేడు గుత్తి దగ్గర హైవే మీద మా అన్న బండిని లారీ గుద్దింది. హెల్మెట్ లేదు. తలకు ఆపరేషన్ చేశారు. ఇప్పుడు నడుస్తాడు, మాట్లాడతాడు. తెలియనివాళ్లు చూస్తే ఏమీ కాలేదనుకుంటారు. మాది ఎరువుల అంగడి. పొద్దున ఇచ్చిన డీఏపీ బస్తాలు సాయంత్రానికి గుర్తుండవు, ఖాతాలో రాయడు. ఎవరైనా గట్టిగా మాట్లాడితే బూతులే. "అంగట్లో కూర్చుంటేనే మనిషి తేరుకుంటాడు" అంటుంది వదిన. నేను ససేమిరా అంటున్నాను. మీరేమంటారు?

కడప పెద్దాయన:
మీ వదినదే న్యాయం నాయనా. మగోణ్ని ఇంట్లో కూర్చోబెట్టి పళ్లెంలో పెట్టిస్తే మంచోడు కూడా పాడవుతాడు. బాధ్యత మీద పడితే మతిమరుపు అదే పోతుంది.

కర్నూలు కోడలు:
అదే పోదండీ పెద్దాయనా. మెదడు ముందు భాగం దెబ్బతింటే కోపం ఆపుకోవడం, పని మొదలుపెట్టడం, దాన్ని వరసగా చేసుకుపోవడం, ఇవే దెబ్బతింటాయి. మా ఆయన స్నానానికని లేచి మంచం అంచునే కూర్చుండిపోయేవాడు. చుట్టాలు సోమరి అన్నారు. "లే, బకెట్ పెట్టినా" అంటే మాత్రం వెంటనే లేచేవాడు. స్కాన్‌లో పెద్దగా ఏం కనబడకపోయినా ఇలాంటి ఇబ్బందులు ఉండొచ్చు.

తమ్ముడూ, అట్లని ఇంట్లో బంధించొద్దు. పొద్దున రద్దీ లేని రెండు గంటలు కూర్చోనీ. సరుకు ఆయనకు తెలుసు, ధరలు గోడ మీద రాసిపెట్టు. ఉద్దెర ఖాతా మాత్రం వేరేవాళ్ల చేతిలో ఉండాలి. ఒకసారికి ఒక్క పనే చెప్పు. అలసిపోతే కోపం ఎక్కువవుతుంది, మధ్యాహ్నం పడుకోనీ. ఫిట్స్ మాత్రలు మనసుకొచ్చినప్పుడు ఆపకూడదు, డాక్టరు సరేననే దాకా బండి ముట్టకూడదు. జ్ఞాపకశక్తికి, ఏకాగ్రతకు బెంగళూరులో మెదడు, మానసిక జబ్బుల ఆసుపత్రి నిమ్హాన్స్‌లో శిక్షణ ఇస్తారు. మీకు రైలు ఉంది, ఒకసారి పోయి రండి.

ఇంకోమాట. మీ వదినను ఎవరు చూస్తున్నారు? ఆయనను ఎలా చూసుకోవాలో నాకు అలవాటైంది, కానీ నాకు ఒక్క పూట విడుపు ఇచ్చే మనిషి లేడు. డాక్టర్లు దీని గురించి అడగనే అడగరు.

కర్నూలు లాయరు:
కాగితాల సంగతి చెప్తాను. 2016 దివ్యాంగుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, తలదెబ్బకు విడిగా పేరు లేదు. చెయ్యి పడిపోతే చలన వైకల్యం కింద చూస్తారు, ప్రవర్తన మారితే మానసిక అనారోగ్యం కింద. సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతం రావాలి. ఆ సర్టిఫికెట్ కోసం పరీక్షించే సదరం క్యాంపులో చక్కగా నడిచిపోయి పేరూ ఊరూ చెబితే డాక్టరుకు ఏం తెలుస్తుంది? ఇంట్లో జరిగేవన్నీ తేదీలతో రాసుకుపోండి. అర్హత ఉంటే నెలకు 6,000 పింఛను. లారీ మీద క్లెయిమ్ వేశారా? ఒంట్లో ఎంత శాతం పోయిందో కాదు, సంపాదించే శక్తి ఎంత పోయిందో చూడాలని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. అంగడి లెక్కలు దాచిపెట్టుకోండి.

కడప పెద్దాయన:
మానసికం అని సర్టిఫికెట్ తెచ్చుకోమంటారా? రేపు ఇంట్లో పిల్లకు సంబంధం రావాలంటే?

కర్నూలు కోడలు:
సంబంధం కోసం సర్టిఫికెట్ మానుకుంటే మందుల డబ్బు వియ్యంకులు ఇస్తారా? ఆయన బూతులు తిట్టేది వీధిలో అందరికీ వినబడుతూనే ఉంది కదా, దాచేదేముంది.

కడప పెద్దాయన:
మాట పదునే తల్లీ నీది. కానీ ఊళ్లో ఉండేది మేము. పిచ్చోడనే మాట ఒకసారి పడితే పోదు. పింఛను లేకపోయినా బతకొచ్చు.

అనంతపురం తమ్ముడు:
పింఛను సంగతి ఇంట్లో ఇంకా తేలలేదు, అమ్మది పెద్దాయన మాటే. క్లెయిమ్ మాత్రం నడుస్తోంది, లెక్కల పుస్తకాలు లాయరుకు ఇస్తాను. పొద్దున పదకొండు దాకా అన్న కూర్చుంటాడు, ఖాతా నేను రాస్తాను, దీనికి వదిన సరేనంది. ఆదివారాలు అన్న దగ్గర నేనుంటాను, వదిన పుట్టింటికి పోయొస్తుంది. బండి తాళం దాచినానని అన్న నాతో మాట్లాడటం లేదు.