లెక్లిస్సే (1962) చివరి ఏడు నిమిషాలు: ఇద్దరూ ఎందుకు రాలేదు?

ప్రశ్న:
నిన్న రాత్రి ఇటాలియన్ దర్శకుడు ఆంటోనియోని తీసిన ‘లెక్లిస్సే’ సినిమా చూశాను. పేరుకి అర్థం గ్రహణమట. మోనికా విట్టీ, అలెన్ డెలాన్ ఉన్నారంటే మంచి ప్రేమకథే అనుకుని కూర్చున్నా. డెలాన్ పాత్ర పియెరో ఆఫీసులో ఇద్దరూ ఒకరినొకరు గట్టిగా పట్టుకుని రేపూ కలుద్దాం, ఎల్లుండీ కలుద్దాం, ఈ రాత్రి ఎనిమిదింటికి ఎప్పటి చోటే అనుకుంటారు. తర్వాత చూస్తే ఖాళీ వీధి! బస్సు, పిల్లబండి తోసుకెళ్లే ఆయా, నీళ్ల పీపా. ఫైల్ పాడైందేమోనని రెండుసార్లు వెనక్కి జరిపాను. ఒకావిడ వెనకనుంచి అచ్చం విట్టీలా కనిపిస్తే హమ్మయ్య అనుకున్నా. తిరిగితే వేరే మనిషి. ఇంతకీ విడిపోయారా, లేదా?

జవాబు 1:
బస్సు దిగినాయన చేతిలో పత్రిక చూడలేదా అండీ? అణ్వాయుధాల పోటీ, శాంతి బలహీనం అని హెడ్డింగులు. చివర్లో తెర నింపేసే ఆ వీధి దీపం వెలుగు నాకైతే బాంబు పేలినట్టే ఉంది. లోకమే టెన్షన్‌లో ఉంటే వీళ్ల డేటింగ్ ఎవడిక్కావాలి.

జవాబు 2:
బాంబు సంగతి కాదనను. కానీ పత్రిక కనిపించేది కాసేపే, పీపా దగ్గరికి మాత్రం కెమెరా మళ్లీ మళ్లీ వెళ్తుంది. విట్టోరియా (విట్టీ పాత్ర) ఒకసారి అందులో చెక్కముక్క వేస్తుంది, గుర్తుందా? చివర్లో పీపాకి చిల్లుపడి నీళ్లు కారి, రోడ్డు మీదుగా కాలవలోకి పోతుంటాయి. పక్కన సగం కట్టిన బిల్డింగు, దానికి చుట్టిన చాపలు. మా ఇల్లు కట్టేటప్పుడు పని ఆగిపోయి డ్రమ్ము అలాగే పడి ఉండేది, అదే గుర్తొచ్చింది.

ఇంకోటి. ఆ చోటు రోమ్‌లోని ఎఉర్. 1942లో జరపాలనుకున్న ప్రపంచ ప్రదర్శన కోసం ముస్సోలినీ మొదలుపెట్టించిన పేట. యుద్ధం వచ్చింది, ప్రదర్శన జరగనేలేదు. రమ్మని ఏర్పాట్లన్నీ చేస్తే ఎవరూ రాని చోటన్నమాట! ఆంటోనియోని అది ఊరికే ఎంచుకున్నాడని నేననుకోను.

విడిపోయారా అంటే, గొడవేమీ జరగలేదు కదా. నా లెక్కన రానక్కర్లేదని ఇద్దరికీ ఆఫీసులోనే తెలిసిపోయింది. ఆమె వెళ్లాక అతను ఏం చేస్తాడో ఒక్కసారి చూడండి, చెప్పను.

జవాబు 3:
నాకు మాత్రం బోరు కొట్టింది. తన కారు చెరువులో పడి అందులో మనిషి చచ్చిపోతే సొట్టల గురించి బాధపడే పియెరో రాకపోతే ఆమెకే మంచిది.

ప్రశ్న అడిగినవారు:
చూశానండీ. తీసి పక్కన పెట్టిన ఫోన్లన్నీ ఒక్కొక్కటే మళ్లీ పెట్టేస్తాడు. అవి మోగుతుంటే ఎత్తడు. ఆమేమో మెట్లు దిగుతూ కాసేపు ఆగుతుంది. మొదటిసారి ఇక్కడ నేను టీ పెట్టుకోవడానికి లేచాను, అందుకే మిస్సయినట్టున్నా. పీపా దగ్గర కూడా ఆపి చూశాను. నీళ్లు కారిపోకముందు షాటులో ఆ చెక్కముక్క ఇంకా తేలుతూనే ఉంది.