కొత్తగా సాగులోకి దిగేవారికి సర్కారు సాయం: ఏది, ఎవరి పేరు మీద, ఎప్పుడు?

ప్రశ్న
అడిగినవారు: చెలకబాట (నర్సంపేట వైపు)

మిత్రులందరికీ నమస్కారం. నా వయసు 29 ఏళ్లు. ఏడేళ్లుగా హైదరాబాదులో ఒక గోదాములో లెక్కలు రాస్తున్నాను. వచ్చే వానాకాలానికి ఊరికి తిరిగి వచ్చి, పూర్తిగా వ్యవసాయం మీదనే బతకాలని నేనూ నా భార్యా అనుకున్నాము. మా నాన్న పేరు మీద 4 ఎకరాల 10 గుంటల పట్టా ఉన్నది. అందులో ఎకరంన్నర కుంట కింది మడి, మిగతాదంతా ఎర్ర చెలక, దానికి ఒక బోరు. ఇన్నేళ్లూ చెలకలో పత్తి, మక్క తప్ప మరొకటి వేయలేదు. నా పేరు మీద ఒక్క గుంట కూడా లేదు.

ఐరోపా సమాఖ్య దేశాల్లో 40 ఏళ్లలోపు వయసుండి, మొదటిసారి సొంతంగా సేద్యం మొదలుపెట్టే వారికి ప్రత్యేకంగా స్థాపన సాయం ఇస్తారని చదివాను. మన దగ్గర కూడా కొత్త రైతు అనే లెక్కన ఇచ్చే గ్రాంటు ఏదైనా ఉన్నదా? ఉంటే దానికోసం భూమిని ముందుగా నా పేరు మీదికి మార్పించుకోవాలా? గొర్రెల యూనిట్ పెట్టుకుంటే సగం డబ్బు సర్కారే ఇస్తుందని మా ఊరిలో అందరూ అంటున్నారు. అందులో ఎంత నిజమున్నదో అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను. నా చేతిలో ఉన్న పొదుపు నాలుగు లక్షల రూపాయలకు మించదు.

జవాబు 1
రాసినవారు: పాత విస్తరణాధికారి (హనుమకొండ)

చెలకబాట గారికి నమస్కారం. వ్యవసాయ శాఖలో చాలా ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని కనుక, ఆశ పెట్టకుండా ఉన్నదున్నట్టు చెబుతాను. మీరు చదివినటువంటి, కేవలం కొత్తగా వచ్చినందుకు ఇచ్చే గ్రాంటు కోసం ఇక్కడ వెతకవద్దు. మన దగ్గర సాయం రెండు దారుల్లో వస్తుంది. ఒకటి భూమి కాగితాన్ని పట్టుకొని వస్తుంది, రెండోది మీరు పెట్టబోయే యూనిట్‌ను పట్టుకొని వస్తుంది. మనిషి కొత్తవాడా పాతవాడా అన్నది ఈ రెండింటిలోనూ ఎవరూ అడగరు.

మొదటి దారి సంగతి చూద్దాము. 2018 మే నెలలో రైతుబంధుగా మొదలై, 2025 జనవరి 26 నుంచి రైతు భరోసా పేరుతో నడుస్తున్న పెట్టుబడి సాయం ఎకరానికి సీజన్‌కు 6,000 రూపాయల చొప్పున, ఏడాదికి 12,000 రూపాయలు. అది పట్టాదారు ఖాతాలోకే పోతుంది. మీరు దున్నినా మీ నాన్నగారు దున్నినా మీ కుటుంబానికి వచ్చే మొత్తం మారదు కాబట్టి, దీనికోసమైతే పేరు మార్పించే అవసరం లేదు. రైతు బీమా విషయంలో మాత్రం పేరుకు విలువ ఉన్నది. 18 నుంచి 59 ఏళ్ల మధ్య వయసున్న పట్టాదారు ఏ కారణంతో మరణించినా నామినీకి 5 లక్షల రూపాయలు అందుతాయి, ప్రీమియం సర్కారే కడుతుంది. మీ నాన్నగారికి 59 దాటితే ఆ రక్షణ ఇంట్లో ఎవరికీ ఉండదు. మీ పేరు మీద కొంత భూమి ఎక్కితే మీకు వస్తుంది.

చాలామంది తొందరపడి దెబ్బతినేది పీఎం కిసాన్ దగ్గర. ఏడాదికి మూడు విడతల్లో వచ్చే ఆ 6,000 రూపాయలకు, 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి ఎవరి పేరు మీద ఉన్నదన్నది ప్రమాణం. ఆ తేదీ తరువాత కొన్నవారికీ దానపత్రం ద్వారా పొందినవారికీ ఆ పథకం నియమాల్లో చోటు లేదు, పట్టాదారు మరణంతో వారసత్వంగా వచ్చిన భూమికి మాత్రమే మినహాయింపు ఉన్నది. అంటే మీ నాన్నగారు ఇప్పుడు మొత్తం భూమిని మీకు రాసిస్తే ఆయనకు వచ్చేది ఆగిపోతుంది, మీకు మొదలు కాదు. పైగా కిందటి మదింపు సంవత్సరంలో ఆదాయపు పన్ను కట్టినవారు కూడా అనర్హులు, మీ ఉద్యోగం వల్ల మీరు ఆ లెక్కలోకి వస్తారేమో చూసుకోండి.

అందువల్ల నా సలహా ఏమంటే, మొత్తం కాకుండా ఒక ఎకరమో ఎకరంన్నరో మాత్రమే మీ పేరు మీదికి తెచ్చుకోండి. తండ్రీకొడుకుల మధ్య దానపత్రం తహశీల్దారు కార్యాలయంలోనే, ముందుగా స్లాట్ తీసుకొని చేయించుకోవచ్చు. 2025 ఏప్రిల్ 14న భూ రికార్డుల కొత్త చట్టం భూభారతి వచ్చిన తరువాత కూడా వ్యవసాయ భూములకు అదే కార్యాలయం. సర్వే నంబరులో విస్తీర్ణం, పాసుబుక్కులో విస్తీర్ణం, నేల మీద ఉన్న విస్తీర్ణం మూడూ కలుస్తున్నాయో లేదో స్లాట్ తీసుకోవడానికి ముందే చూసుకోవాలి. నా సర్వీసులో సాయం ఆగిపోయిందని వచ్చినవారిలో సగం మందికి పైగా అసలు సమస్య ఈ గుంటల తేడానే.

పాసుబుక్కు చేతికి వచ్చిన వెంటనే మీ క్లస్టర్ ఏఈఓను, అంటే వ్యవసాయ విస్తరణ అధికారిని, రైతు వేదికలో కలిసి, రైతు బీమా దరఖాస్తూ పంట నమోదూ చేయించుకోండి. తరువాత బ్యాంకులో కిసాన్ క్రెడిట్ కార్డు తీసుకోండి. 2025 జనవరి నుంచి 2 లక్షల రూపాయల దాకా తనఖా లేకుండా ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. 3 లక్షల లోపు పంట రుణాన్ని గడువులోగా కట్టేవారికి వడ్డీ 4 శాతమే పడుతుంది. ఊరిలో నూటికి రెండు రూపాయల మిత్తితో తెచ్చేవారు ఏడాదికి 24 శాతం కడుతున్నారు. కొత్తవాడికి ఏ గ్రాంటు కన్నా ఈ తేడానే పెద్ద సాయమని నేననుకుంటాను.

జవాబు 2
రాసినవారు: మంద వెనుక (పరకాల వైపు)

నేను జాతీయ పశుసంవర్ధక మిషన్ కింద 100 గొర్రెలు, 5 పొట్టేళ్ల యూనిట్ పెట్టినవాడిని, కాబట్టి ఆ సగం డబ్బు సంగతి నేను చెబుతాను. సగం అన్న మాట నిజమే. 50 శాతం మూలధన సబ్సిడీ ఉన్నది, నా పరిమాణానికి గరిష్ఠంగా 10 లక్షలు, 500 గొర్రెలు, 25 పొట్టేళ్లు పెట్టేవారికి 50 లక్షల దాకా. కులంతో సంబంధం లేదు, పట్టా లేకపోయినా కౌలు ఒప్పందంతో తీసుకున్న భూమి చెల్లుతుంది. శిక్షణ పొందిన పత్రమో, ఆ పనిలో అనుభవమో చూపించాలి. మామునూరు కృషి విజ్ఞాన కేంద్రం పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడుస్తున్నది కనుక, మీరు నర్సంపేట నుంచి ముందుగా అక్కడికి వెళ్లి శిక్షణ ఎప్పుడున్నదో కనుక్కోండి.

ఊరిలో చెప్పనిది ఏమంటే, ఆ డబ్బు ముందుగా రాదు. బ్యాంకు రుణం మంజూరు కావాలి లేదా సొంత పెట్టుబడితో పాటు బ్యాంకు హామీ చూపాలి. షెడ్డు పని మొదలుపెట్టి కొంత ఖర్చు చేసి, అధికారులు వచ్చి చూసిన తరువాత మొదటి విడత వస్తుంది. యూనిట్ పూర్తయిందని తేలాక రెండోది వస్తుంది. నా విషయంలో ఒక బ్యాంకు శాఖలో కాగితాలు ఏడు నెలలు కదలలేదు. మేనేజరు మారినప్పుడల్లా మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవలసి వచ్చింది, తనఖా అడిగారు, చివరికి మా మామగారి ఇల్లు పెట్టాము. మొదటి విడతకు రెండో విడతకు మధ్య కట్టిన వడ్డీని ఏ ప్రాజెక్టు నివేదికలోనూ రాసుకోలేదు, రాసేవారు కూడా నాకు చెప్పలేదు.

గొర్రెకు చూడి అయిదు నెలలు. పుట్టిన పిల్లను అమ్మకానికి తేవడానికి మరో నాలుగైదు నెలలు పడుతుంది. అంటే మందను కొన్న నాటి నుంచి దాదాపు ఏడాది దాకా చేతికి రూపాయి రాదు, కానీ మేతకు, మందులకు, కాపరికి ప్రతి నెలా పోతూనే ఉంటుంది. మొదటి వానలకు ముందే చిటుకు రోగానికి టీకా వేయించకపోతే, లేత గడ్డి మేసిన నాలుగు రోజుల్లోనే మంచి మంచి పిల్లలు పడిపోతాయి. నేను మొదటి ఏడు అట్లా పదకొండు పిల్లలను పోగొట్టుకున్నాను. నాలుగు లక్షల పొదుపుతో 20 లక్షల యూనిట్‌కు పోవద్దని నా మాట. పదిహేను గొర్రెలు సొంత డబ్బుతో కొని, మేత కోసం అర ఎకరంలో సూపర్ నేపియర్ గడ్డి, గట్ల మీద సుబాబుల్ చెట్లు వేసి, ఒక ఏడాది మేపి చూడండి. అప్పటికి బ్యాంకులో మీరు చెప్పే మాటకు బరువుంటుంది, శిక్షణకు తోడు అనుభవం కూడా చూపగలుగుతారు.

జవాబు 3
రాసినవారు: గిర్ని అక్క (జమ్మికుంట)

ఇద్దరూ మగవారి కోణంలోనే చెప్పారు కనుక, చెల్లెలి గురించి, అంటే చెలకబాట గారి భార్య గురించి, ఒక మాట. ఆమె మహిళా సంఘంలో సభ్యురాలైతే, సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల పథకం కింద, అంటే పీఎంఎఫ్ఎంఈ కింద, కారం, పసుపు ఆడించే గిర్ని పెట్టుకోవచ్చు. యూనిట్ ఖర్చులో 35 శాతం, 10 లక్షల రూపాయలకు మించకుండా సబ్సిడీ ఉంటుంది, మన వంతు కనీసం 10 శాతం పెట్టాలి. ఇక్కడ కూడా ఆ సబ్సిడీ చేతికి రాదు. బ్యాంకులోనే మూడేళ్లు వేరుగా ఉండి, వాయిదాలు సక్రమంగా కట్టి గిర్ని నడుస్తూ ఉంటేనే అప్పులో జమ అవుతుంది. ఇంకా ఆహార శుద్ధి చేసే సంఘం సభ్యురాలికి 40,000 రూపాయల దాకా మూలధనం సంఘం ద్వారా దొరుకుతుంది, అది తిరిగి కట్టవలసిన అప్పు.

వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గరలో ఉన్న మీకు మిర్చి దొరకడం కష్టం కాదు. చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దాని ఎరుపు రంగు కోసం, తక్కువ ఘాటు కోసం అడిగేవారు ఉన్నారు. అయితే మీ బోరు ఎంత నీరు పోస్తుందో తెలియకుండా మిర్చి వేయమని నేను అనను.

జవాబు 4
రాసినవారు: కౌలుదారు (మహబూబాబాద్ జిల్లా)

పెద్దవారు చెప్పినదంతా పట్టా ఉన్నవారి ఇంటికి సరిపోతుంది. ఇది చదివే వారిలో భూమి లేని కొత్తవారు కూడా ఉంటారు కనుక రాస్తున్నాను. నేను తొమ్మిది ఎకరాలు కౌలుకు చేస్తాను. పెట్టుబడి సాయం భూయజమాని ఖాతాలో పడుతుంది, నాకు రాదు. బీమా లేదు. 2011లో వచ్చిన సాగుదారుల చట్టం ప్రకారం కౌలు రైతుకు రుణ అర్హత కార్డు ఇవ్వాలి, కానీ యజమానికి భూమి పోతుందనే భయం ఉంటుంది కనుక మా ఊరిలో ఎవరూ సంతకం దాకా రానివ్వరు. కాగితం లేని కౌలుకు బ్యాంకు లేదు, బ్యాంకు లేకపోతే సబ్సిడీ యూనిట్ లేదు. చెలకబాట గారు ఎకరం అయినా పేరు మీద పెట్టుకునే వీలున్నందుకు అదృష్టవంతులు, ఆ వీలును వాయిదా వేయవద్దు.

ప్రశ్న అడిగినవారి వివరణ
చెలకబాట

అందరికీ చాలా కృతజ్ఞతలు. నాన్నతో నిన్న రాత్రి మాట్లాడాను. ఆయనకు 57. చెలకలో ఎకరం 20 గుంటలు రాయడానికి ఒప్పుకున్నారు, మడి మాత్రం తన పేరు మీదనే ఉండాలన్నారు, అది న్యాయమే. నేను ఆదాయపు పన్ను కట్టిన ఏడు ఒకటి ఉన్నది, కాబట్టి పీఎం కిసాన్ ఆశ వదులుకున్నాను. మొత్తం చెలకలో రెండు ఎకరాల్లో ఆయిల్‌పామ్ వేస్తే మొక్కలకూ డ్రిప్పుకూ సాయం ఇస్తారని ఒక కంపెనీ మనిషి వచ్చి చెప్పి పోయాడు. దాని మీద మీ అభిప్రాయం కావాలి.

జవాబు 5
రాసినవారు: పాత విస్తరణాధికారి (హనుమకొండ)

ఆయన చెప్పిన సాయాలు నిజమైనవే. మొక్కల మీద సబ్సిడీ ఉన్నది, ఎకరానికి ఏడాదికి 4,200 రూపాయల చొప్పున నాలుగేళ్లు పోషణకూ అంతర పంటకూ ఇస్తారు. డ్రిప్పుకు మన రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీలకు 100 శాతం, బీసీలకూ చిన్న, సన్నకారు రైతులకూ 90 శాతం, మిగతావారికి 80 శాతం. కంపెనీ తన పరిధిలోని గెలలను కొనాలన్న కట్టడి కూడా ఉన్నది.

చెప్పనిది నీటి లెక్క. ఎకరానికి 57 చెట్లు, పెరిగిన చెట్టుకు ఎండాకాలంలో రోజుకు 200 లీటర్లకు పైగా కావాలి. రెండు ఎకరాలకు రోజుకు 23,000 లీటర్ల దాకా అవుతుంది. మీ బోరు మే నెల మధ్యాహ్నం ఎన్ని గంటలు ఆగకుండా పోస్తుందో మీ నాన్నగారికి తెలుసు, కంపెనీ మనిషికి తెలియదు. దిగుబడి నాలుగో ఏట మొదలవుతుంది. అందాకా మక్క, వేరుశనగ వరుసల మధ్య వేసుకోవచ్చు కానీ మూడో ఏడు వచ్చేసరికి నీడ పడి అదీ తగ్గుతుంది. మీ ఇల్లు గడవడం ఈ రెండు ఎకరాల మీదనే ఆధారపడి ఉంటే వేయవద్దు. మడి ఇంటికి తిండి గింజలు ఇస్తే, ఒక ఎకరానికి మించకుండా వేసుకోండి.

మొక్కలు బుక్ చేయడానికి ముందు చెలకలో రెండు మూడు చోట్ల మట్టి తీసి, ములుగు రోడ్డులోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానంలో గానీ మీ ఏఈఓ ద్వారా గానీ పరీక్షకు ఇవ్వండి. డ్రిప్పు దరఖాస్తుకు పాసుబుక్కు ఎవరి పేరు మీద ఉంటే వారే సంతకం చేయాలి. కనుక ఏ సర్వే నంబరు మీకు రాస్తున్నారో, బోరు ఏ సర్వే నంబరులో ఉన్నదో దానపత్రానికి ముందే నాన్నగారితో కూర్చొని తేల్చుకోండి. బోరు ఒకరి నంబరులో, చేను మరొకరి నంబరులో పడి దరఖాస్తు వెనక్కి వచ్చిన ఇళ్లను నేను చూశాను.