రెండు పాయింట్ల వెనకబాటు, 17 సెకన్లు: బట్లర్ ఆ త్రీ వేయాల్సిందా, లోపలికి వెళ్లాల్సిందా?

ఆఖరి క్వార్టర్:
రాత్రి నిద్ర పట్టక పాత మ్యాచ్ ఒకటి పెట్టుకున్నాను. ఇక అసలే పట్టలేదు. 2022 మే 29, అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ NBAలో ఈస్టర్న్ కాన్ఫరెన్స్ ఫైనల్స్ (అసలు ఫైనల్స్‌కి ముందు మెట్టు) ఏడో గేమ్, అంటే సిరీస్ తేల్చే చివరి మ్యాచ్, బోస్టన్ సెల్టిక్స్ మీద మయామి హీట్, అదీ మయామి సొంత కోర్టులో. చూడనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. మూడున్నర నిమిషాలుండగా బోస్టన్ 98-85తో ముందుంది. ఇక అయిపోయిందనుకున్న మ్యాచ్‌లో హీట్ వరసగా 11 పాయింట్లు కొట్టింది. 51 సెకన్లు ఉండగా మయామి ఆటగాడు స్ట్రస్ త్రీ (గీత బయట నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) పడి 98-96. తర్వాత బోస్టన్ ఆటగాడు స్మార్ట్ షాట్ తప్పింది, రీబౌండ్ (తప్పి వెనక్కొచ్చిన బంతి) మయామి స్టార్ జిమ్మీ బట్లర్ చేతికే వచ్చింది. బంతి కొట్టుకుంటూ వచ్చాడు. ఎదురుగా బోస్టన్ ఆటగాడు ఆల్ హార్ఫర్డ్ ఒక్కడే, వెనక్కి వెనక్కి అడుగులేస్తున్నాడు. సుమారు 17 సెకన్లున్నాయి. బట్లర్ ఆగి, త్రీ లైన్ బయట నుంచి వేసేశాడు. బంతి రిమ్ ముందు అంచుకి తగిలి బయటికొచ్చింది. 100-96, బోస్టన్ ఫైనల్స్‌కి వెళ్లిపోయింది.

నా మాట కుండబద్దలు కొట్టినట్టు చెప్తాను: అది తప్పుడు నిర్ణయం. ఆ సీజన్‌లో అతని త్రీ శాతం 23.3. అంటే నాలుగు వేస్తే ఒకటి కూడా సరిగ్గా పడదు. కావల్సింది రెండు పాయింట్లు. ఎదురుగా ఉన్నది 35 ఏళ్ల బిగ్ మ్యాన్, అంటే బుట్ట దగ్గర కాపలా ఉండే పొడుగాటి ఆటగాడు. లోపలికి దూసుకెళ్లి లేఅప్ (బుట్ట పక్క నుంచే వేసే రెండు పాయింట్ల షాట్) వేయడమో, ఫౌల్ తెచ్చుకోవడమో చేయాలి కదా. లీగ్‌లో ఆ పని అతనికంటే బాగా చేసేవాళ్లు ఎంతమంది?

బెంచి చివర:
మళ్లీ మొదలెట్టారా! బంతి పడుంటే ఈపాటికి అతని విగ్రహం గురించి మాట్లాడుకునేవాళ్లం. పడలేదు కాబట్టి 23 శాతం గుర్తొచ్చింది.

ఆఖరి క్వార్టర్:
కాదు బ్రో. అది పడినా ఇదే అనేవాణ్ణి, కాకపోతే నా మాట ఎవరూ వినేవాళ్లు కాదు. 2019లో టొరంటో ఆటగాడు కవాయ్ లెనర్డ్ ఫిలడెల్ఫియా మీద ఏడో గేమ్‌లో చివరి షాట్ వేస్తే బంతి రిమ్ మీద నాలుగుసార్లు ఎగిరి లోపల పడింది. 92-90. అతను ఆ రోజు వేసిన షాట్లు 39, పడినవి 16. నాలుగో ఎగురుడు బయటికైతే? ‘అన్ని షాట్లూ ఒక్కడే ఎందుకు వేశాడు’ అని ఓ పెద్ద గొడవ నడిచేది. ఫలితం చూసి నిర్ణయానికి మార్కులేయకూడదనే నేనూ అంటున్నాను. బంతి చేయి దాటకముందు ఏం తెలుసో దాన్నిబట్టే వేద్దాం.

కాకి లెక్కలు:
అయితే వేద్దాం. ముందే చెప్తున్నాను, కింది శాతాలన్నీ నా అంచనాలు, ఎక్కడా అచ్చయినవి కావు. నచ్చకపోతే మీ అంకెలు పెట్టి చూసుకోండి.

డ్రైవ్ చేశాడనుకుందాం, అంటే బంతితో లోపలికి దూసుకెళ్లాడని. పడే అవకాశం 50 శాతం. పడితే స్కోరు సమం అంతే, గెలుపు కాదు. ఇంకా 13, 14 సెకన్లు ఉంటాయి, బంతి బోస్టన్‌ది. వాళ్లు కొట్టకపోయే అవకాశం మూడింట రెండొంతులు అనుకోండి. కొట్టకపోతే ఓవర్‌టైమ్ (ఐదు నిమిషాల అదనపు ఆట), అక్కడ చెరి సగం. ఇవన్నీ గుణిస్తే మయామి గెలిచే అవకాశం 17 శాతం దగ్గర తేలుతోంది.

ఇప్పుడు త్రీ. పడితే ఒక పాయింటు ఆధిక్యం, బోస్టన్ చేతిలో 16 సెకన్లు. ఒక్క పాయింటు వెనకబడ్డ జట్టు చివరి పొజెషన్‌లో (బంతి తమ చేతిలో ఉండే వంతులో) కొట్టలేకపోయే అవకాశం సగం కంటే కాస్త ఎక్కువే. 58 శాతం అనుకోండి. అంటే త్రీ 29 శాతం పడగలిగితే చాలు, డ్రైవ్‌తో సమానం.

ఇక్కడే నాకు నవ్వొచ్చింది. సీజన్‌లో అతనిది 23. అదే ఏడాది ప్లేఆఫ్స్‌లో (సీజన్ అయ్యాక జరిగే నాకౌట్ సిరీస్‌లలో) దాదాపు మూడింట ఒకటి. మన 29 సరిగ్గా ఈ రెండిటి మధ్యలో పడింది! రెండు రోజుల ముందు ఆరో గేమ్‌లో బోస్టన్ వెళ్లి 47 పాయింట్లు కొట్టినప్పుడు 8 త్రీలు వేస్తే 4 పడ్డాయి. ఏ అంకె నమ్మాలో మీరే చెప్పండి.

ఆఖరి క్వార్టర్:
ఆ 50 శాతం దగ్గరే మీ లెక్కలో చిల్లు ఉంది గురూ. డ్రైవ్ అంటే లేఅప్ ఒక్కటే కాదు. ఫౌల్ పడితే ఫ్రీ త్రోలు (ఎవరూ అడ్డం రాకుండా వేసే ఒక్కో పాయింటు షాట్లు), అందులో అతను ఆ సీజన్‌లో 87 శాతం. షాట్ పడి ఫౌల్ కూడా వస్తే మూడు పాయింట్లు అక్కడే వస్తాయి. మధ్యలో సాయానికి ఇంకో డిఫెండర్ వస్తే మూలలో మనవాడు ఖాళీగా ఉంటాడు. ఇవన్నీ కలిపి 60 అనుకోండి. అప్పుడు త్రీ 35 శాతం పడాలి. ప్లేఆఫ్స్ అంకె పెట్టినా త్రీ ఓడిపోతుంది.

కాకి లెక్కలు:
అవును, ఫ్రీ త్రోలు తక్కువ చేశాను, ఒప్పుకుంటున్నాను. కానీ ఏడో గేమ్ చివరి నిమిషంలో రెఫరీ విజిల్ రెగ్యులర్ సీజన్‌లో మోగినట్టు మోగుతుందా? అది ఎవరూ అంకెలో పెట్టలేరు.

రెండో ఊపిరి:
మీరిద్దరూ కాగితం మీద ఆడుతున్నారు. నేను ఆడేది సెలవురోజు సరదా ఆటే అయినా ఒక సంగతి ఒంటికి తెలుసు. ఒకసారి మా జట్టులో మార్చడానికి మనిషి లేక మొదటి నుంచి చివరి దాకా నేనే ఆడాల్సి వచ్చింది. చివర్లో ఖాళీగా దొరికింది, ఎవడూ దగ్గర్లో లేడు. ఎగిరాననుకున్నాను. తర్వాత వీడియోలో చూస్తే కాళ్లు నేల మీంచి బెత్తెడు కూడా లేవలేదు. బంతి చేతుల బలంతోనే పోయింది. రిమ్ దాకా కూడా అందలేదు. పక్కకి పోయిన షాట్‌కి గురి కారణం కావచ్చు, పొట్టిగా పడిన షాట్‌కి మాత్రం కాళ్లే కారణం.

బట్లర్ ఆ రోజు 48 నిమిషాలకు 48 నిమిషాలూ ఆడాడు. ఒక్క సెకను కూర్చోలేదు. దానికి రెండు రోజుల ముందు 46. బంతి తగిలింది ఎక్కడ? రిమ్ ముందు అంచుకి. పొట్టిగా పడింది.

ఇప్పుడు దీన్ని రెండు రకాలుగా చూడొచ్చు. కాళ్లలో సత్తువ లేనివాడు దూరం నుంచి వేయకూడదు అని ఆఖరి క్వార్టర్ గారు అంటారు. నేనంటాను, కాళ్లలో సత్తువ లేదని అతనికి తెలుసు కాబట్టే ఓవర్‌టైమ్ వద్దనుకున్నాడు. ఇంకో ఐదు నిమిషాలు ఈ ఒంటితో ఆడి గెలవడం కంటే ఇక్కడే తాడోపేడో తేల్చుకుందామనుకున్నాడు. మ్యాచ్ తర్వాత అతను చెప్పిందీ అదే, గెలుపు కోసమే వేశానని. కోచ్ స్పోల్‌స్ట్రా కూడా ఆ షాట్‌ని వెనకేసుకొచ్చాడు. కాకి లెక్కలు గారూ, మీ లెక్కలో ఓవర్‌టైమ్ చెరి సగం అన్నారే, ఆ ఒంటితో అది సగం కాదు.

కాకి లెక్కలు:
ఇది నిజంగా నాకు తట్టలేదు. ఓవర్‌టైమ్ 40 అనుకుంటే డ్రైవ్ విలువ మళ్లీ పడిపోతుంది. మీకో దండం.

హాఫ్ కోర్ట్:
మీరంతా త్రీయా డ్రైవా అని కొట్టుకుంటున్నారు. నా గొడవ వేరు: గడియారం. 17 సెకన్లకి ఎందుకు వేయాలి? పడినా బోస్టన్‌కి నిండుగా ఒక పొజెషన్ ఇచ్చినట్టే. ఆగి, బంతి పట్టుకుని, 5 సెకన్లుండగా వేస్తే పడితే గెలుపు, పడకపోతే ఎలాగూ ఓటమి. చివరి షాట్ మనదే కావాలి అన్నది మొదటి పాఠం కదా!

రెండో ఊపిరి:
వెనకబడినప్పుడు ఆ పాఠం తిరగబడుతుంది అన్నా. స్కోరు సమంగా ఉంటే చివరిదాకా ఆగాలి. వెనక ఉంటే ముందే వేయడంలో ఒక లాభం ఉంది: తప్పితే రీబౌండ్ మీద ఇంకో అవకాశం, లేదా ఫౌల్ చేసి మళ్లీ బంతి. బట్లర్ తప్పాక జరిగింది అదే కదా. స్మార్ట్‌ని ఫౌల్ చేశారు. అతను రెండు ఫ్రీ త్రోలూ వేసేసరికి తలుపు మూసుకుంది. ఒక్కటి తప్పినా మూడు పాయింట్ల ఆటే.

పైగా ఆగితే ఏమవుతుంది? బోస్టన్ డిఫెన్స్ సర్దుకుంటుంది. ఆ సీజన్‌లో లీగ్‌లోనే గట్టి డిఫెన్స్ వాళ్లది. ఇద్దరు మీద పడి అతని చేతిలోంచి బంతి వదిలిస్తారు. వెనక్కి అడుగులేస్తున్న ఒంటరి హార్ఫర్డ్ మళ్లీ దొరకడు.

హాఫ్ కోర్ట్:
ఆ హార్ఫర్డ్ దొరికాడు కాబట్టే డ్రైవ్ చేయమంటున్నారు ఆయన. అక్కడ మీ వాదన మీకే తగులుతోంది చూసుకోండి.

రెండో ఊపిరి:
తగలదు. హార్ఫర్డ్ వెనక్కి ఎందుకు వెళ్తున్నాడు? డ్రైవ్ వస్తుందని. అంటే తలుపు దగ్గర కాపలా ఉండి, కిటికీ తెరిచి వదిలేశాడు. డిఫెన్స్ వదిలేసింది తీసుకోవాలి అని చిన్నప్పటి నుంచి ఏ కోచ్ అయినా చెప్పేదే.

ఆఖరి క్వార్టర్:
డిఫెన్స్ ఎందుకు వదిలేసింది అన్నది కూడా అడగాలి గురూ. 23 శాతం వాడు బయటి నుంచి వేస్తే వాళ్లకి పండగ. వాళ్లు ఏది వేయాలని కోరుకున్నారో అదే వేశాడు. మనకు ఖాళీ దొరకడం వేరు, వాళ్లు కావాలని ఖాళీ ఇవ్వడం వేరు.

బెంచి చివర:
ఈ మాట బాగుంది. ఒప్పుకోను గానీ బాగుంది.

నీలి జెర్సీ:
ఆలస్యంగా వచ్చాను. ‘స్టార్ అన్నవాడు తనే వేయాలి’ అన్న గోల ఇక్కడ ఇంకా మొదలవ్వకపోవడం సంతోషం. 2007లో క్లీవ్‌లాండ్ స్టార్ లెబ్రాన్ జేమ్స్‌ని ఆ గోలే తినేసింది. డెట్రాయిట్ మీద మొదటి గేమ్, చివరి సెకన్లు, రెండు పాయింట్లు వెనక. లోపలికి దూసుకెళ్లాడు, డిఫెన్స్ మీద పడింది, మూలలో ఖాళీగా ఉన్న డాన్యెల్ మార్షల్‌కి పాస్ ఇచ్చాడు. మార్షల్ అంతకుముందు గేమ్‌లో ఆరు త్రీలు కొట్టినవాడు. ఇది తప్పింది. 79-76తో ఓడారు. వారమంతా లెబ్రాన్‌కి ధైర్యం లేదన్నారు. అదే సిరీస్ ఐదో గేమ్‌లో జట్టు చివరి 30 పాయింట్లలో 29 తనే కొట్టి గెలిపించేసరికి అన్న నోళ్లన్నీ మూతపడ్డాయి.

1997 ఫైనల్స్ ఆరో గేమ్‌లో జోర్డాన్ చేసిందీ అదే. తన మీదకి ఇద్దరు వచ్చారు, ఖాళీగా ఉన్న స్టీవ్ కెర్‌కి ఇచ్చాడు. కెర్ వేశాడు, పడింది, ట్రోఫీ వచ్చింది. దాన్ని ఎవరైనా పిరికితనం అన్నారా? పాస్ ఒకటే, బంతి పడటంలోనే తేడా.

నా ఉద్దేశంలో బట్లర్ తప్పు చేయలేదు. త్రీ వేసి ఓడితే తొందరపాటు, పాస్ ఇచ్చి ఓడితే పిరికితనం, డ్రైవ్ చేసి బ్లాక్ అయితే మొండితనం. ఓడినవాడికి మన దగ్గర పేర్లు సిద్ధంగా ఉంటాయి.

ఆఖరి క్వార్టర్:
మీరు చెప్పిన లెబ్రాన్ ఉదాహరణ నా వైపుకే వస్తుంది. అతను డ్రైవ్ చేశాడు! డ్రైవ్ చేస్తేనే మార్షల్ ఖాళీ అయ్యాడు. బట్లర్ ఆ అడుగు వేయనే లేదు.

బెంచి చివర:
ఇంకోటి. మూడో క్వార్టర్‌లో స్ట్రస్ వేసిన త్రీని, కాలు కోర్టు అంచు గీత తొక్కిందని కొన్ని నిమిషాల తర్వాత రీప్లే చూసి కొట్టేశారు. అది ఉండుంటే బట్లర్ షాట్ గురించి మనం మాట్లాడేవాళ్లమే కాదు. మూడు పాయింట్లండీ. దాని మీద ఎవరూ మాట్లాడరేం?

కాకి లెక్కలు:
ఎందుకంటే అది రూలు. దాని మీద ఏడవొచ్చు గానీ వాదించలేం.

నీలి జెర్సీ:
అసలు సంగతి మరిచిపోయారా అందరూ? ఏడాది తర్వాత, 2023లో, ఇవే రెండు జట్లు, ఇదే రౌండ్, ఆరో గేమ్. మళ్లీ మయామిలోనే. మళ్లీ హీట్ రెండు పాయింట్లు వెనక. మళ్లీ బంతి బట్లర్ చేతిలో, మళ్లీ ఎదురుగా హార్ఫర్డే. ఈసారి బట్లర్ డ్రైవ్ చేశాడు, దారి మూసుకుపోయింది, త్రీ లైన్ బయటికొచ్చి పైకి లేచాడు. హార్ఫర్డ్ ఫౌల్ చేశాడు. మూడు ఫ్రీ త్రోలు. ఆ రోజు 21 షాట్లలో 5 మాత్రమే పడ్డ మనిషి, మూడు ఫ్రీ త్రోలూ వేశాడు. 103-102.

ఆఖరి క్వార్టర్:
చూశారా! డ్రైవ్ చేశాడు. ఫౌల్ వచ్చింది. నేను పొద్దున్నుంచీ మొత్తుకుంటున్నది ఇదే.

రెండో ఊపిరి:
ఫౌల్ వచ్చింది త్రీ వేయబోతేనే కదా అన్నా! లోపలికెళ్లి కాదు. హార్ఫర్డ్ ఈసారి వెనక్కి తగ్గకుండా మీదకి ఎందుకొచ్చాడు? ఏడాది కిందటి షాట్ అతనికీ గుర్తుండే ఉంటుందని నా అనుమానం.

ఆఖరి క్వార్టర్:
ఇది... సరే, దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. మళ్లీ చూసి వస్తాను. కానీ ఒక్కటి మాత్రం వదలను: 2022లో ఒక్క డ్రిబుల్ లోపలికి వేసి చూడాల్సింది. వేసి బయటికి రావొచ్చు, ఎవరు కాదన్నారు?

హాఫ్ కోర్ట్:
ఆ 2023 మ్యాచ్ మళ్లీ చూస్తే గడియారం కూడా చూడండి. ఫౌల్ పడ్డప్పుడు 2.1 సెకన్లు అన్నారు. బోస్టన్ చాలెంజ్ చేస్తే రీప్లేలో అది త్రీ అని తేలింది, సమయం కూడా 3.0కి పెరిగింది. రెండు ఫ్రీ త్రోలు మూడయ్యాయి, బోస్టన్‌కి 0.9 సెకను దొరికింది. స్మార్ట్ వేశాడు, తప్పింది, బంతి లోపలికి విసిరిన డెరిక్ వైటే పరిగెత్తుకొచ్చి 0.1 సెకను ఉండగా బుట్టలోకి తోసేశాడు. 104-103, బోస్టన్ గెలిచింది. నేను మొదట్నుంచీ చెప్తున్నది గడియారం సంగతే.

బెంచి చివర:
వైట్‌ని ఎవరు వదిలేశారు అన్నది మాత్రం ఈ రోజు మొదలెట్టకండి. పొద్దున్నే డ్యూటీ ఉంది నాకు.